మామ్మ వీణకు తీగలు ఎంచుకోవడం: సంక్రాంతి నుంచి రథయాత్ర దాకా నా అనుభవం

పాత వీణ ఇంట్లో ఉండి, దానికి ఏ తీగలు వెయ్యాలో తేలక అటక మీదే ఉంచేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది "వీణ సెట్టు కొని ఎక్కించెయ్, దానికి ఇంత ఆలోచనేటి" అన్నారు. కొత్త వీణకైతే అది చాలు. మాది కొత్తది కాదు.

మాది బొబ్బిలి వీణ. ఏకాండి, అంటే నాదం పలికే గుండ్రటి కుండా, తీగలు సాగే పొడవాటి దండీ ఒకే పనస మానులో తొలిచినది. మామ్మకు పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చారు. ఆవిడ కాపురానికి పర్లాకిమిడి వచ్చేసరికి ఈ ఊరింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936లో ఒడిశాలో కలిసింది. వీణ మాత్రం ఇంట్లో ఉన్న చోటే ఉంది. మామ్మ పోయాక ఎవరూ ముట్టుకోలేదు. నేను చిన్నప్పుడు కొన్నేళ్లు నేర్చుకున్నాను గానీ అద్దెకు తెచ్చిన వేరే వీణ మీద. దీన్ని దించడానికి నాన్న ఒప్పుకునేవారు కాదు.

సంక్రాంతి సెలవుల్లో దించాం. దుమ్ము తుడవగానే నేను చూసింది తీగలను కాదు, దండిని. మేరువు (దండి పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర నుంచి గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) దాకా ఒక దారం బిగించి పట్టి, మధ్యలో సందు ఎంతుందో చూడాలి. దండి పైకి వంగి ఉంటే ఏ తీగ వేసినా లాభం లేదు. మాది నిటారుగానే ఉంది. చాలా ఊరట కలిగింది. తీగను నొక్కే కంచు మెట్లలో కొన్ని మైనం వదిలేసి కదులుతున్నాయి, సొరకాయ బుర్రకు చిన్న పగులు, తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోయాయి. వీణకు వాయించే తీగలు నాలుగు, పైనుంచి కిందికి సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళం తీగలు మూడు. ఆ ఏడింటిలో మిగిలినవి మూడే. మిగతా చోట్ల బిరడాలకు చుట్టుకుని తోకల్లాంటి ముక్కలున్నాయి.

ఆ ముక్కలను పారెయ్యకండి. నాకు మొత్తం దారి చూపించినవి అవే.

పక్కింటి మాస్టారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఒడియా ఆయన, తెలుగు మాత్రం మాకంటే శుభ్రంగా మాట్లాడతారు. ఆయన దగ్గర తీగ లావు కొలిచే స్క్రూగేజి ఉంది. ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆ ముక్కలన్నీ ఒక కాగితం మీద బిరడాల వరసలో అతికించి తీసుకెళ్లాను. సారణి ముక్క 0.36 మిల్లీమీటర్లు చూపించింది. నేను రాసుకోబోతుంటే మాస్టారు ఆపారు. "అది తుప్పుతో కలిపి కదమ్మా" అన్నారు. సన్న గరుకు కాగితంతో రుద్ది మళ్లీ కొలిస్తే 0.31. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుందట, అందుకే తీగ ఉబ్బి కనిపిస్తుంది. అలాగని మరీ రుద్దితే అసలు ఇనుమూ పోతుంది. అందుకని దగ్గరలో ఉన్న అంగడి సైజు ఏదో చూసుకోవాలి. 0.315 అంటే 30 నంబరు. పంచమం 0.40 వచ్చింది, దానికి దగ్గరది 27 నంబరు, 0.417. మంద్రం ముక్క ఇత్తడి. పచ్చగా కిలుం పట్టింది గానీ సైజు పెద్దగా మారలేదు. 0.55 చూపించింది, అంటే 24 నంబరు, 0.559.

నాలుగో బిరడాకు, అనుమంద్రానికి, మామ్మ నాటి ముక్క లేదు. దాని మీద రాగి చుట్టిన లావు తీగ ఉంది. ఎవరో తర్వాత వేశారు. ఎవరన్నది ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఈ నాలుగో తీగే చివరి దాకా నన్ను తిప్పింది.

నంబర్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పెద్ద తలనొప్పి దీనితోనే. వీణ తీగలకు మనవాళ్లు చెప్పే నంబర్లు పాత బ్రిటిష్ గేజివి. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. అమెరికా గేజి కూడా అలాగే సన్నబడుతుంది గానీ కొలతలు వేరు. బ్రిటిష్ 24 అంటే 0.559, అమెరికా 24 అంటే 0.511. పియానో తీగల గేజి పూర్తిగా ఎదురు, నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. గిటార్ తీగల ప్యాకెట్ల మీద అంగుళంలో వెయ్యో వంతుల లెక్క ఉంటుంది, అక్కడ 12 అంటే 0.305 మిల్లీమీటర్లు. ఈ నాలుగు లెక్కలూ అమ్మేవాళ్లు కలిపేసి మాట్లాడతారు. నేను ఫోన్ చేసిన ఒక కొట్టతను నా 30కి ఒక లెక్క, నా 24కి ఇంకో లెక్క చెప్పాడు. ఆ తర్వాత నంబరు అడగడం మానేసి మిల్లీమీటర్లే అడిగాను. చెప్పలేకపోతే అక్కడ కొనలేదు.

ముక్కల కొలతలు దొరికినా శ్రుతి, అంటే వీణ షడ్జాన్ని ఏ ఎత్తులో కలుపుతారన్నది, తెలియకుండా అవి సగం సమాచారమే. అదే తీగ రెండు శ్రుతిలో ఒకలా ఉంటుంది, మూడు శ్రుతిలో ఇంకోలా ఉంటుంది. నేను నేర్చుకున్నప్పుడు టీచరుగారు మూడులో కలిపించేవారు. మామ్మ ఎందులో కలిపేది? ఇంట్లో బతికున్నవాళ్లలో ఆ వీణ విన్నది మా మేనత్త ఒక్కతే. బరంపురంలో ఉంటుంది, ఎనభై దాటాయి. ఫోన్‌లో సరిగా వినబడదు. శివరాత్రికి ఎలాగూ వెళ్లాలి కదా అని ఆగాను.

అత్త నేను అడిగినదానికి కాకుండా ఇంకేవో చాలా చెప్పింది. మామ్మ వేళ్లకు కొబ్బరినూనె రాసుకునేదనీ, తీగ తెగితే తాతయ్య విసుక్కునేవారనీ, విజయనగరం నుంచి ఎవరైనా వస్తున్నారంటే తీగల చుట్ట తెమ్మని చీటీ పంపేదనీ. శ్రుతి గురించి మూడోసారి అడిగాక, "అది కూడా తెలీదేటే నీకు, హార్మోనియం రెండో తెల్లమెట్టు నొక్కి పట్టమనేది నన్ను. చెయ్యి నొప్పెట్టేది" అంది. రెండో తెల్లమెట్టంటే రెండు శ్రుతి. ఆ హార్మోనియం అత్త దగ్గరే ఉంది. బెల్లోసు చిరిగిపోయినా ఎలాగో ఒక చేత్తో మూసి ఆ మెట్టు పలికించాం. ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ 147 హెర్ట్జ్‌కి కాస్త దిగువన చూపించింది. నాకు ఆ రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను. "నాలుగో తీగ ఎలా ఉండేది అత్తా" అంటే మాత్రం, "లోతుగా ఉండేది. చుట్టిన తీగ కాదు, అది బరబరమంటది కదా, అమ్మకి పడదు" అంది. అంతే.

తిరిగొచ్చాక మాస్టారు లెక్క వేశారు. మేరువు నుంచి గుర్రం దాకా మా వీణ 82 సెంటీమీటర్లు. పొడవు, శ్రుతి, తీగ బరువు తెలిస్తే అది ఎంత బిగువు మీద ఉంటుందో వచ్చేస్తుంది. రెండు శ్రుతిలో 30 నంబరు ఉక్కు సారణి మీద 3.6 కిలోల బిగువు. 27 నంబరు పంచమం మీద దాదాపు అంతే. 24 ఇత్తడి మంద్రం మీద 3.1. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంటే మామ్మ తీగలు తోచినట్టు వేసినవి కావు, ఎవరో ఆలోచించి వేసినవే. అదే సారణిని మూడు శ్రుతికి ఎక్కిస్తే బిగువు 4.5 కిలోలవుతుంది. ఒక్క స్వరమే కదా అనుకుంటాం, నాలుగో వంతు పెరిగిపోతుంది. పైగా వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం. షడ్జం మెట్టు మీదే మధ్యమం దాకా లాగాలంటే బిగువు 1.78 రెట్లు కావాలి. తొంభయ్యేళ్ల దండి మీదా, మైనంలో నిలబెట్టిన మెట్ల మీదా ఆ భారమంతా పడుతుంది. మూడు శ్రుతి ఆశ అక్కడే వదిలేశాను.

"సారణి లావుది వేస్తే తెగదు కదా?" అని అడిగాను. తెగుతుందట. తీగ లావైతే అదే శ్రుతికి రావడానికి అంతకు తగ్గట్టు ఎక్కువ బిగించాలి, లావు వల్ల వచ్చిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. ఏ ఎత్తున తెగుతుందన్నది పొడవూ, శ్రుతీ, లోహమూ తేలుస్తాయి, లావు కాదు. సారణికి ఉక్కు, కింది తీగలకు ఇత్తడి ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఇత్తడి బరువైనది, ఉక్కంత బలం లేనిది. మంద్రంలో దాని మీద పడే లాగుడు తక్కువ కాబట్టి అక్కడ నిశ్చింతగా ఉంటుంది.

ఇక కొనడం. మార్చి రెండో వారంలో మొదలుపెట్టాను. మా ఇంట్లో ఆయన ముందు ఇనుప సామాన్ల కొట్టు నుంచి జి.ఐ. తీగ పట్టుకొచ్చారు. ముప్పై రూపాయలకు బోలెడు ఇచ్చాడట. అది మెత్తటి ఇనుము. బిరడా తిప్పేకొద్దీ సాగుతూనే ఉంది, శ్రుతికి చేరకుండానే తెగింది. బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. వాద్యాలకు కావలసింది ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు తీగ. పియానో తీగ అని అడిగితే ఇస్తారు. సారణి చుట్ట, పంచమం చుట్ట, తాళం తీగలకు ఇంకా సన్నవి 32 నుంచి 34 దాకా, అన్నీ కలిపి ఆరు వందల లోపే అయ్యాయి. తాళం తీగల దగ్గర పెద్ద ఆలోచన అక్కర్లేదు, పొట్టివి, సన్నవి, సులువుగా కుదిరాయి.

ఇత్తడి దగ్గర ఇంకో చిక్కు. ఆన్‌లైన్‌లో దొరికే ఇత్తడి తీగ చాలావరకు పూసల దండలు కట్టుకునేవాళ్లది. కాల్చి మెత్తబరిచినది. వేళ్లతో వంచితే వంగిన చోటే ఉండిపోతుంది. దానికి శ్రుతి నిలవదు. మనకు కావలసింది గట్టిగా లాగిన ఇత్తడి, వంచి వదిలితే తిరిగి లేచేది. కొట్లో ఉంటే ఈ పరీక్ష చెయ్యొచ్చు, పార్శిల్లో వచ్చాక చేస్తే డబ్బు పోయినట్టే. వాద్యాల తీగలు అమ్మేవాళ్లను ఫోన్‌లో పట్టుకుని, మిల్లీమీటర్లు చెప్పి, గట్టి ఇత్తడేనని రెండుసార్లు అనిపించుకుని ఆర్డరిచ్చాను. వాళ్ల దగ్గర 24, 22 ఉన్నాయి. 23 లేదు. పోల్చి చూద్దామని చుట్టిన తీగలున్న రెడీమేడ్ సెట్టు కూడా ఒకటి తెప్పించాను, నాలుగు వందల యాభై.

మా సరిహద్దు ఊళ్లవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. ఆంధ్రా వైపు నుంచి వచ్చే పార్శిలు ఒడిశా పిన్‌కోడ్ అనగానే ఎక్కడెక్కడో తిరుగుతుంది. రెండు వారాలు దాటినా నా తీగలు రాలేదు. ట్రాకింగ్‌లో భువనేశ్వర్ చూపించి ఆగింది. తర్వాతి ఆర్డరు పాతపట్నంలో ఉన్న మా వదిన అడ్రసుకు పెట్టించాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నమే. నాలుగో రోజుకు వచ్చింది, స్కూటర్ మీద వెళ్లి తెచ్చుకున్నాను. మొదటిది ఉగాది వెళ్లాక వచ్చింది.

ఆ ఎదురుచూపు వృథా పోలేదు. గొల్లపల్లికి ఫోన్ చేశాను. బొబ్బిలి పక్కన వీణలు చేసే ఊరు. పెద్దాయన ఒకరు మాట్లాడారు. మెట్లు కదులుతున్నాయి, ముందు మేళం కట్టించేసి, అంటే మైనంలో మెట్లను స్వరాలకు సరిగ్గా నిలబెట్టించేసి, తర్వాత తీగల సంగతి చూద్దామని నా ఉద్దేశం. ఆయన ఒప్పుకోలేదు. "తీగ మారితే మేళం మారదేటమ్మా? లావు తీగ నొక్కితే ఒకలా పలుకుద్ది, సన్నది నొక్కితే ఒకలా పలుకుద్ది. ముందు తీగలు తేల్చుకుని, అవే తీగలతో వీణ తీసుకురా. మళ్లీ మార్చనని మాటియ్యి, అప్పుడు కడతాను" అన్నారు. మెట్టు మీద నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పైకి వెళ్తుంది. ఎంత వెళ్తుందన్నది ఆ తీగను బట్టి, మెట్టు నుంచి దాని ఎత్తును బట్టి. మేళం కట్టేటప్పుడు చెవితో దాన్ని సర్దుతూ మెట్లు నిలబెడతారు. ఈ ఒక్క మాట ముందే తెలియడం వల్ల నాకు ఒక మేళం ఖర్చు మిగిలింది.

మేరువు సంగతి కూడా ఆయనే అడిగారు. చూస్తే నాలుగో గాడి ఆ చుట్టిన తీగ లావుకు అరిగిపోయి వెడల్పై ఉంది. సన్న తీగ వేస్తే అందులో అటూ ఇటూ కదిలి జరజరమంటుంది. మేరువు దంతంది, మధ్యలో చిన్న బీట కూడా ఉంది. కొత్త దంతం ఇప్పుడు కొనడానికి చట్టం ఒప్పుకోదు, నాకూ వద్దు. పర్లాకిమిడిలో ఉండి దీనికి బెంగ పడక్కర్లేదు, కొమ్ము పనికి మా ఊరే పేరు. కొంగలూ నెమళ్లూ చేసే ఒక కళాకారుడి దగ్గరకు పాత మేరువు పట్టుకెళ్లాను. ఆయన వీణ పని ఎప్పుడూ చెయ్యలేదు. గాడుల లోతు విషయంలో నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డారు. తీగ ముక్కలు ఇచ్చి, "గాడిలో సగం మునిగితే చాలు, అడుగు గుండ్రంగా ఉండాలి" అని చెప్పాను. ఏవో ఎగ్జిబిషన్ ఆర్డర్లున్నాయని పది రోజులు పైనే ఆపారు. మూడు వందలు తీసుకున్నారు. కొమ్మును ఆకురాయితో రాస్తుంటే వచ్చే వాసనకు మాత్రం సిద్ధపడి వెళ్లండి. పాత దంతం ముక్క డబ్బాలో దాచాను.

ఏప్రిల్ మూడో వారానికి తీగలూ మేరువూ చేతికొచ్చాయి. సారణి, పంచమం, మంద్రం ఒక సాయంత్రంలో ఎక్కేశాయి. నాగపాశం (కుండ చివర తీగలు కట్టే చోటు) వైపు ఉచ్చు వేయడం ఒక్కటే నేర్చుకోవలసి వచ్చింది. ఉక్కును దగ్గర దగ్గరగా మెలితిప్పొచ్చు. ఇత్తడిని అలా తిప్పితే మెలిక దగ్గరే విరుగుతుంది. దానికి మెలికలు వదులుగా, కాస్త ఎడంగా వెయ్యాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. తెగిన ఉక్కు తీగ కొస ఎటు ఎగురుతుందో తెలియదు. లంగర్లు (శ్రుతి సన్నగా సర్దడానికి జరిపేవి) తీగ కట్టకముందే ఎక్కించాలని కూడా గుర్తుంచుకోండి.

ఇక నాలుగోది. ముందు 24 ఇత్తడే వేసి చూశాను, మంద్రానికి వేసినదే. లెక్క ప్రకారం అనుమంద్ర పంచమంలో దాని మీద 1.7 కిలోలే ఉంటుంది. మెల్లగా మీటితే బాగానే ఉంది. కాస్త గట్టిగా మీటగానే తీగ విశాలంగా ఊగి మెట్లకు తగులుతోంది. ఇంకో చిత్రం, మీటిన క్షణంలో స్వరం పైనుంచి మొదలై కిందికి జారుతోంది. వదులు తీగ గట్టిగా ఊగినప్పుడు దాని బిగువు కాసేపు పెరుగుతుందట. వరసగా మీటుతూ పోయే తానం వాయిస్తే ప్రతి మీటుకూ అదే జారుడు. చెవికి చిరాకేసింది.

తర్వాత 22, అంటే 0.711. బిగువు 2.8 కిలోలు, కాగితం మీద మంద్రానికి చక్కగా తోడు. వినడానికి మాత్రం మొద్దు. ఖాళీ తీగ మీటితే ఫర్వాలేదు. పైమెట్లకు వెళ్లేకొద్దీ తీగకంటే ఇత్తడి కడ్డీని మీటుతున్నట్టుంది, నాదం నిలవదు. అంత లావు తీగ తన మొండితనంతో పైస్వరాలను అసలు చోటు కంటే పైకి నెడుతుంది. గమకం లాగితే వేలు వాతలు తేలింది.

చుట్టిన తీగ వేసినప్పుడు ఇల్లంతా మోగింది. నిజం చెప్పాలంటే మొదటి రోజు నాకు అదే నచ్చింది. నాదం ఎంతసేపో నిలుస్తుంది. మా ఆయన, పిల్లలు దానికే ఓటు వేశారు. కచేరీల్లో మైకు పెట్టి వాయించే వీణలకు అవి ఎందుకు వేస్తున్నారో తెలిసింది. చుట్టిన తీగ లావు కొలిచి బరువు లెక్కవెయ్యలేం. అందుకని మాస్టారు ఒక మీటరు కోయించి నగల కొట్లో త్రాసు మీద పెట్టించారు. కొట్టాయన మమ్మల్ని వింతగా చూశాడు గానీ తూచాడు, దాదాపు 5 గ్రాములు. అంటే మా వీణ మీద 4 కిలోలు దాటిన బిగువు, సారణి కంటే ఎక్కువ. రెండో రోజుకు దాని పక్కన మంద్రం వినిపించడమే మానేసింది. ఎడమచేతి వేలు జారినప్పుడల్లా బరబర. అత్త మాట అప్పుడు గుర్తొచ్చింది. పైగా ఆ చుట్లు కంచు మెట్లను ఆకురాయిలా రాస్తాయి. ఐదో మెట్టు దగ్గర ఎవరో పూర్వం వేసిన తీగ చేసిన గంట్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడో రోజున తీసేశాను. పిల్లలకు కోపం వచ్చింది.

కావలసింది 23. 0.610 మిల్లీమీటర్లు. 2 కిలోల పైచిలుకు బిగువు. అడిగిన చోటల్లా 24 ఉంది, 22 ఉంది, 23 ఎవరూ పెట్టరు. మే నెలంతా దాదాపు ఇందులోనే పోయింది. ఒక కొట్టు నుంచి 23 అని వచ్చిన చుట్ట కొలిస్తే 0.57, అమెరికా లెక్క. తిప్పి పంపుతానంటే తీసుకోం అన్నారు. ఆ సమయంలో నిజంగా విసుగొచ్చింది. ఇంత చిన్న తేడాకు ఎందుకీ పట్టుదల అని ఇంట్లో అడిగితే జవాబు లేదు నా దగ్గర. చెవిలో ఆ జారుడూ ఆ మొద్దుతనమూ రెండూ ఉండిపోయాయి, అంతే.

చివరికి గొల్లపల్లి పెద్దాయనకే ఫోన్ చేసి చెప్పాను. "నా దగ్గరుంది కదమ్మా పాత చుట్ట, అడగవేటి" అన్నారు. ఆ చుట్ట కొలవమని, స్క్రూగేజి చదవడం ఆయన మనవడికి ఫోన్‌లోనే చెప్పాను. 0.61 అన్నాడు.

జూన్ మొదటి వారంలో బయల్దేరాం. మామూలుగా అయితే పాలకొండలో బస్సు మారి వెళ్లొచ్చు. ఆ ఎండల్లో వీణతో బస్సు వద్దనుకుని కారు మాట్లాడుకున్నాం, మూడు వేల ఐదు వందలు. ఎండాకాలంలో మైనం మెత్తబడుతుంది, కారు అద్దం పక్కన పెడితే కదిలే మెట్లు కాస్తా ఊడి పడతాయి. తెల్లవారుజామునే బయల్దేరి, తడి దుప్పటి కాకుండా పొడి బొంత చుట్టి, వెనక సీటు ముందు, కింద నీడలో పడుకోబెట్టాం.

పెద్దాయన ముందు ఆ 23 ఎక్కించి, కళ్లు మూసుకుని కాసేపు నాలుగు తీగలూ ఖాళీగా మీటారు. ఏమంటారోనని నాకు గుండె దడ. "శ్రుతి రెండేనా? మార్చవు కదా?" అన్నారు. మార్చనన్నాను. గుర్రం మీద పలక చూసి, పాత తీగలు తొలిచిన గాడులున్నాయని ఆకురాయితో కొద్దిగా రాసి వంపు సరిచేశారు. అప్పటిదాకా మంద్రంలో ఉన్న సన్నని జర అక్కడే పోయింది. నేను దాన్ని తీగ తప్పనుకుంటూ ఉన్నాను. మీకూ ఏ తీగ వేసినా ఒకే రకం జర వస్తుంటే ముందు గుర్రం చూపించండి, తీగలు కొంటూ పోకండి.

మేళానికి వీణ అక్కడే వదిలి రావాలి. వారం అన్నారు, వానలు పడి ఇంకో వారం పైన పట్టింది. తేమగా ఉన్నప్పుడు తొందరపడనన్నారు. పాత మైనం మొత్తం తీసేసి, కొత్తది కట్టి, 24 మెట్లూ ఒక్కొక్కటే చెవితో నిలబెట్టారు. మేళానికి, బుర్ర పగులు అతకడానికి కలిపి ఐదు వేలు తీసుకున్నారు. 23 చుట్టకు డబ్బు తీసుకోలేదు, ఎంత బతిమాలినా. తీగల మీద నేను పెట్టిన ఖర్చు, పనికిరానివాటితో కలిపి, రెండు వేల లోపే. మిగతాదంతా మేళం, ప్రయాణాలు.

రథయాత్రకు రెండు రోజుల ముందు వీణ ఇంటికొచ్చింది. కొత్త తీగలు మొదటి వారం శ్రుతి నిలవవు, ముఖ్యంగా ఇత్తడి. రోజూ పొద్దున్నే చూస్తే దిగిపోయి ఉండేవి. ఉక్కు రెండు రోజుల్లో నిలిచింది. మా ఊరి వానాకాలం తేమకు సారణి తుప్పు పట్టకుండా వాయించాక పొడిబట్టతో తుడుస్తున్నాను. అత్తకు వీడియో కాల్‌లో వినిపించాను. నాలుగో తీగ రెండుసార్లు మీటమంది. "ఇలాగే ఉండేదేమోనే, అంత గుర్తు లేదు" అని, సారణి కాస్త దిగింది కలుపు అంది. నిజంగానే దిగింది.

పిల్లలు ఇంకా చుట్టిన తీగే బాగుందంటారు. వాళ్లు వాయించడం నేర్చుకుంటే వేరే వీణ కొనిపెడతానన్నాను. సారణి మొన్న ఒకసారి తెగింది కూడా, మేరువు దగ్గర. కొమ్ము గాడి అంచు పదునుగా ఉందేమోనని ఆ కళాకారుడికి చూపిస్తే గుండ్రంగా రాసి ఇచ్చారు, డబ్బు అడగలేదు. చుట్టలో ఇంకా బోలెడు తీగ ఉంది, ఆ సాయంత్రమే కట్టేశాను.